రేకుగుండెకు తండ్రి ఎవరు

నరసింగరావు చచ్చిపోతాడేమోనని నాకు చాలా ఏళ్ళు భయంగా ఉండేది. నా చేతికి చిక్కకుండా పోతాడేమోనని. దేవుడు నా మొర విన్నాడు. ఎనభై దగ్గర పడుతున్నా మనిషి గుండ్రాయిలా ఉన్నాడు.

రాజాంలో అతనికి ప్రెస్సు ఉండేది. నా చిన్నప్పుడు పిల్లల పత్రిక ఒకటి వేసేవాడు. అందులో బొమ్మల కథ 'రేకుగుండె'. ఆ వీరుడికి మొహాన ముసుగు, కాళ్ళకు గజ్జెలు, రొమ్ము మీద గుండ్రటి రేకు డప్పు. రెండు చేతులా దాన్ని మోగించాడంటే దొంగలు చెవులు మూసుకుని లొంగిపోవలసిందే. మా వైపు పిల్లలంతా రొమ్ముకు పళ్ళేలు కట్టుకుని గోడలు దూకి కాళ్ళు విరగ్గొట్టుకున్నారు.

ఆ వీరుణ్ణి పుట్టించింది మా నాన్న సూరయ్య. చీపురుపల్లిలో దుకాణాలకు బోర్డులు రాసేవాడు, పండగలొస్తే తప్పెటగుళ్ళు ఆడేవాడు. రొమ్ముకు రేకు గుల్ల కట్టుకుని, పాడుతూ వాయిస్తూ ఎగిరే ఆట అది. ఆ వేషానికే ముసుగు తొడిగి కథ అల్లాడు, బొమ్మలు వేశాడు. పత్రికలో మాత్రం 'కథ, బొమ్మలు: నరసింగరావు' అని పడేది.

ఒకరోజు నాన్న నన్ను వెంటబెట్టుకుని ప్రెస్సుకి వెళ్ళాడు.

"బాబూ, ఏదో మూల నా పేరు కూడా ఎయ్యండి. సిన్న అచ్చరాలైనా పర్నేదు" అన్నాడు.

నరసింగరావు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏటీ? ఇనబడనేదు. మళ్ళీ సెప్పు."

నాన్న మళ్ళీ చెప్పాడు. నరసింగరావు మిషను ఆపించి, పనివాళ్ళందరినీ పిలిచి, ఇంకోసారి చెప్పమన్నాడు. ఈసారి నాన్న గొంతు పెగల్లేదు. పనివాళ్ళు పడీపడీ నవ్వారు. ఆ తర్వాత నాన్న బొమ్మ గీయలేదు. రేకుగుండె కథా ఆగిపోయింది. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

ఈ మధ్య నరసింగరావు మనవడు హైదరాబాదులో కామిక్స్ కంపెనీ పెట్టి రేకుగుండెని మళ్ళీ లేపాడు. ఇప్పుడు వాడికి కండలొచ్చాయి. డప్పులోంచి నీలం మెరుపులొస్తాయి. ఎగురుతాడు కూడా. కాలం మారింది, ఎగరనీ. కానీ అట్ట మీద 'సృష్టికర్త: నరసింగరావు' అని వేశారు. రాజాంలో ఆవిష్కరణ సభట, ఆ సృష్టికర్తగారికి సన్మానమట.

సభకు ముందు తప్పెటగుళ్ళు ఆడించాలని ఆ మనవడు వెతుక్కుంటూ వచ్చింది ఎవరి దగ్గరికనుకున్నారు? మా బావ శివాజీ దగ్గరికి. నాన్న దగ్గర నేర్చుకుని, నాన్న పోయాక మా బృందాన్ని నడుపుతున్నది ఆయనే.

"రానేమని సెప్పీమంటావేటే యమునా?" అన్నాడు బావ.

"ఎల్లు బావా. మన కట్టుబాటు మాత్రం తప్పకు."

బావ నా మొహంలోకి చూసి పకపకా నవ్వాడు.

మా బృందానికి నాన్న పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ఆడించే ఆసామి ఎవరైనా సరే, ముందు గురువుకు తాంబూలం ఇవ్వాలి. గురువు లేకపోతే ఆయన బిడ్డకివ్వాలి. ఎవరి పేరు మీద ఇస్తున్నాడో, ఆ గురువు ఏం చేసినవాడో నలుగురూ వినేలా చెప్పాలి. చెప్పందే గుల్ల మీద చెయ్యి పడదు.

సభ కిటకిటలాడుతోంది. కుర్రాళ్ళంతా ఫోన్లు పైకెత్తారు. మనవడి తరఫున నరసింగరావే తాంబూలం పళ్ళెం పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. నేను వేదికెక్కి ఎదురుగా కొంగు పట్టాను. నన్ను గుర్తుపట్టలేదు.

బావ మైకులో చెప్పాడు: "మా గురువు సీపురుపల్లి సూరయ్య. ఆయన పేరు సెప్పి ఇవ్వండి బాబూ."

నరసింగరావు మొహంలో నవ్వు మాయమైంది. "తప్పెటగుళ్ళ గురువు... సూరయ్య పేరు మీద" అని గొణిగాడు.

"అదొక్కటేనా? ఇంకేటి సేసినాడో కూడా సెప్పండి."

బృందమంతా చేతులు పైకెత్తి కదలకుండా నిలబడింది. జనం ఈలలు వేస్తున్నారు. మనవడు కంగారుగా తాత వంక చూస్తున్నాడు. నేను ముసలాయన చెవి దగ్గరికి వంగాను.

"ఆయేల ప్రెస్సులో మా నాన్న సెయ్యట్టుకుని నిలబడ్డ పిల్లని నేనే. నువ్వు సెప్తావా, మైకు నన్ను అందుకోమంటావా?"

పళ్ళెంలో వక్కలు గలగలమన్నాయి.

"రేకుగుండె... సూరయ్య గీసిందే" అన్నాడు.

నాకు కావలసింది ఆ నోటి నుంచి ఆ మాటే. అది వచ్చేసింది. కొంగులో తాంబూలం వేయించుకుని దిగిపోవచ్చు. దిగలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాను.

"ఏటీ? ఇనబడనేదు. మళ్ళీ సెప్పు."

అతను తలెత్తి నన్ను చూశాడు. ఇప్పుడు గుర్తుపట్టాడు. మైకు దగ్గరికి జరిగి, హాలంతా వినపడేలా మళ్ళీ చెప్పాడు. ఈలలు ఆగిపోయాయి.

"మళ్ళీ" అన్నాను.

ఈసారి అతని గొంతు పెగల్లేదు. హాల్లో ఎవరూ నవ్వలేదు. నేనొక్కదాన్నే నవ్వాను.