ఐదు శ్రుతి

చిక్కుడుకాయల సంచీ లేకుండా శ్రీలలిత పియానో క్లాసుకు వెళ్ళిన పాపాన పోలేదు. క్లాసు ఆమెకు కాదు లెండి, కూతురు నవ్యకు. యూనివర్సిటీ క్వార్టర్స్ నుంచి తార్నాక దాకా పిల్ల చెయ్యి పట్టుకుని నడిచి, కమలాదేవి టీచర్ ఇంటి వరండాలో కూర్చుని గంటసేపు ఈనెలు తీయడం ఈవిడ వంతు. "ఊరికే కూర్చుంటావుగా, ఆ కూరేదో బాగుచేసుకో," అంది అత్తగారు మొదటిరోజే. ఊరికే కూర్చోవడమట! ఆ భాగ్యం చివరిసారి ఎప్పుడు కలిగిందో ఆమెకే గుర్తులేదు.

ఆ రోజు మాత్రం చేతులు కాయల మీద, మనసు ఇంకెక్కడో. మర్నాడు శనివారం. ప్రతి శనివారం సాయంత్రం వాళ్ళింట్లో భజన. ఆమె భర్త సోమయాజులు క్యాంపస్‌లో ఫిజిక్సు చెబుతాడు, పాటంటే ప్రాణం పెడతాడు. పెళ్ళిచూపుల్లో అడిగి అడిగి పాడించుకుని, "ఈ గొంతు కోసమే చేసుకుంటున్నా," అన్న మనిషే. భజనలో శ్రుతిపెట్టె ఆయన ముందుంటుంది, మీట ఎప్పుడూ ఒకటి మీదే. అది ఆయన గొంతుకు కుదిరిన శ్రుతి. అందులో ఆమె కింద అందుకుంటే గొణుగుడు, పైన అందుకుంటే కీచు. వేగమూ ఆయనదే, రామంతాపూర్ దూరదర్శన్ వాళ్ళ ఏడు గంటల వార్తల్లోపు మంగళహారతి అయిపోవాలి. మధ్యలో ఈవిడ లేచి ఉప్మా కలిపి రావాలి. మొదట్లో "నీ గొంతు మందగించింది లలితా," అన్నాడు. తర్వాత "నువ్వు వెనకాల అను, చాలు," అన్నాడు. ఇవాళ పొద్దున కాఫీ తాగుతూ, "రేపు అచ్యుతరామయ్య గారు వస్తున్నారు. ఆయన సంగీతం తెలిసినాయన. నువ్వు పాడకు, టిఫిన్లు చూసుకో," అన్నాడు. కాఫీలో పంచదార తక్కువైందని చెప్పినంత మామూలుగా అన్నాడు మహానుభావుడు! ఆమెకు ఒళ్ళు మండిపోయింది. కానీ మంట చల్లారాక భయం పట్టుకుంది. గొంతు నిజంగానే పోయిందేమో. ఆయన అన్నది నిజమైతే ఇక తనకంటూ ఏం మిగిలినట్టు?

లోపల టీచర్ నవ్యకు కొత్త ముక్క చూపిస్తోంది. అర పేజీ కూడా లేని చిన్న ముక్క. కాన్వెంటులో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఇప్పటికీ గొంతులో ఆ అధికారం పోలేదు.

"వాయించే ముందు మూడు సంగతులు చూడాలె బేటా. ఎంత వేగం, ఏ శ్రుతి, ఏం మూడ్. చెప్పు."

"స్లో. సి మైనర్. బోర్," అంది నవ్య.

"బోరా? మంచిగ విను." టీచర్ మళ్ళీ వాయించింది. మెల్లగా దిగి, మెల్లగా ఎక్కి, చివర్లో కాస్త తేటపడి ఆగింది.

"శాడ్," అంది నవ్య.

"ఏడుపు కాదే," అనేసింది శ్రీలలిత వరండాలోంచి. "ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నట్టుంది."

టీచర్ గుమ్మంలోకొచ్చింది. "నీకు సంగీతం వచ్చా?"

"వచ్చేదండీ. గొంతు పోయింది."

"గొంతు ఏడికి పోతదమ్మా? గా కాయలు గాడ పెట్టి లోపలికి రా."

టీచర్ అదే ముక్క వాయిస్తుంటే శ్రీలలిత పియానో పక్కన నిలబడి అకారంలో అందుకుంది. రెండో వరుసలో పైకి పోయేసరికి గొంతు చీలింది. అదే కీచు! కూతురి ముందు సిగ్గేసింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇంట్ల ఏ శ్రుతిల పాడతవు?"

"ఇదే, ఒకటి. ఆయన శ్రుతి."

"నీది?"

"పెళ్ళికి ముందు... ఐదు."

టీచర్ రెండు చేతులూ కాస్త ఎడమవైపుకు, ఐదు శ్రుతికి జరిపి అదే ముక్క మొదలుపెట్టింది. ఆ చివరి తేటదనంతో సహా అన్నీ అవే, కానీ ఇప్పుడు చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉన్నాయి. శ్రీలలిత గబగబా అందుకోబోయింది.

"ఉరుకుతవెందుకు? నెమ్మదిగ అని పైన రాసే ఉన్నది. నిన్నెవరూ తరుముతలేరు."

నెమ్మదిగా పాడింది. అలవాటు కొద్దీ ఒకచోట స్వరాన్ని ఊపి గమకం వేసింది. పియానో మీట ఊగదుగా, టీచర్ అక్కడే ఆగిపోయింది, ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు. మళ్ళీ ఎత్తుకున్నప్పుడు గొంతు వచ్చింది. నిండుగా, ఎక్కడా పగలకుండా, గదంతా పరుచుకుని వచ్చింది. ఆమెకు ఎంత సంతోషమేసిందంటే, ఆగకుండా మళ్ళీ మొదటినుంచి అందుకుంది.

"అమ్మా, పాడింది నువ్వేనా?" అంది నవ్య.

చిక్కుడుకాయలు సగం సంచీలోనే ఉండిపోయాయి. ఇంటికొచ్చాక అత్తగారు అడిగితే, "పాడుకున్నానండీ, కుదర్లేదు," అని నిజమే చెప్పింది.

శనివారం అచ్యుతరామయ్య గారు వచ్చి కూర్చున్నారు. శ్రీలలిత ఉప్మా గిన్నె మీద మూతపెట్టి, పక్కన పళ్ళేలు పెట్టి, చెయ్యి తుడుచుకుని వచ్చి చాప మీద భర్త పక్కనే కూర్చుంది. సోమయాజులు కళ్ళతోనే వంటింటి వైపు చూపించాడు. ఆమె చూసింది, కదల్లేదు. చెయ్యి చాచి శ్రుతిపెట్టె మీట ఒకటి నుంచి ఐదుకు తిప్పింది. తొడ మీద తాళం మొదలుపెట్టింది, నెమ్మదిగా.

"ఏంటిది లలితా?" సోమయాజులు కంగారుగా ఆమె చెవి దగ్గరికి వంగాడు. "ఈ శ్రుతి నాకు అందదు."

"పర్లేదండీ," అంది ఆమె, ఏ కోపమూ లేకుండా. "మీరు వెనకాల అనండి, చాలు."