గాలి ఉన్న పక్క

కృత్తికకు మిగిలింది ఒక్క తూటా. అది నడిమి వలయంలో పడితే జట్టులో చోటు. లేదంటే ఇంకో ఏడాది పీలమేడులో కాలేజీకీ ఇంటికీ తిరగడమే.

బోడినాయకనూరు దాటాక, కొండ కింద బీడులో తుపాకీ గురి పోటీ. మిట్టమధ్యాహ్నం నేల పెనంలా కాలుతోంది. జెండాలు కదలకుండా వేలాడుతున్నాయి. గురి పెట్టాల్సిన అట్ట ఆరువందల మీటర్ల అవతల ఉంది.

ఆమె తుపాకీ మీదున్నది కొత్త స్కోప్, బొమ్మను బాగా దగ్గరికి లాక్కొచ్చేది. నాయన వద్దన్నాడు. ఎండలో బొమ్మ ఎంత పెద్దదైతే సెగ కూడా అంత పెద్దదవుతుంది, పాత చిన్న స్కోపే మేలని చెప్పాడు. కొత్త మోజులో ఉన్నవాళ్లు నాయనల మాట ఎక్కడ వింటారు?

స్కోప్‌లో సెగ నిటారుగా లేస్తోంది. గాలి లేదనడానికి అదే గుర్తు. ఆ సెగలో, అట్టకు కుడిపక్కన, ఎర్రచీర కట్టిన మనిషి నిలబడి ఉంది. కృత్తిక వెంటనే తూటా తీసేసి, వైర్‌లెస్‌లో అడిగించింది. అట్టల కింద గుంటలో కూర్చుని దెబ్బలు లెక్కచూసే సత్యరాజ్ పైకొచ్చి చూసి, ఎవరూ లేరన్నాడు. బొమ్మను చిన్నది చేస్తే సెగ అణిగింది, మనిషీ మాయమైంది. ఎండమావి అంతే అనుకుంది గానీ, తూటా మళ్లీ పెట్టడానికి జంకింది.

నీళ్లందిస్తున్న మారియమ్మ, ఆ పొలాల ముసలావిడ, వెనక నుంచి మెల్లగా అంది.

"ఆడ గాలి ఉండాది కన్ను."

ఈ తమిళ ఊళ్లో తను ఇంట్లో మాట్లాడే తెలుగు, కన్ను అన్న ముద్దుపిలుపు వినపడేసరికి కృత్తికకు ప్రాణం లేచొచ్చింది. ఏ పక్కనవ్వా అని అడిగింది.

"కుడిపక్క. ఎప్పుడూ ఆడే."

కనుమ గాలి సంగతి ఊరివాళ్లకు తెలియకుండా ఉంటుందా? కళ్లారా చూసిన సెగను కాదనుకుంది. కుడి నుంచి వచ్చే గాలి తూటాను ఎడమకు నెడుతుందని, గురిని గట్టిగానే కుడికి జరిపి కాల్చింది.

తూటాను నెట్టే గాలే లేదు. అది అట్ట అంచు దాటి కుడికి పోయింది. జట్టూ పోయింది. ఏడుపు దిగమింగుకుని, గాలి లేదు గదవ్వా అంది.

మారియమ్మ నీళ్ల చెంబు కింద పెట్టేసింది. "వీచే గాలి కాదు కన్ను. నా కూతురు వళ్లి. పోయినప్పటినుంచి ఆడే నిలబడుకోనుండాది."

కృత్తిక ఇంట్లో తెలుగే మాట్లాడినా, దయ్యాన్ని మాత్రం తమిళంలో పేయి అంటారు. గాలి అంటే చెట్లను ఊపేదే. ఈ పల్లెలో చనిపోయి తిరిగేవాళ్లు కూడా గాలేనని ఆమెకు ఎవరు చెప్పారు?

ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుంది. "తూటా నా బిడ్డకు తగల్లేదు గదా?"

కృత్తిక బొమ్మను మళ్లీ పెద్దది చేసి చూసింది. సెగ అలాగే లేస్తోంది. కుడిపక్కన ఎవరూ లేరు.

"తగల్లేదవ్వా" అంది.