బోర్డులో కూర్చోని ప్రాసెసర్

కంప్యూటర్ మీట నొక్కి వెళ్లి, గిన్నెలన్నీ తోమి, స్టవ్వు తుడిచి, తడి చేతులతో ఆమె తిరిగి వచ్చేసరికి కూడా తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

“అలా గుడ్లప్పగించి చూస్తే తిరగడం మానేస్తుందా?” అన్నాడు మొగుడు, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

ఆ పాత కంప్యూటర్ బాగా నడిచినన్నాళ్లూ ఇంటిది. మొరాయించిందంటే మాత్రం ఆమెది. పుస్తకాలు అచ్చేసే ఒక ప్రెస్సుకి ఆమె ఇంట్లోంచే డీటీపీ చేసి ఇస్తుంది. “మా కోడలు ఖాళీగా ఉండలేక ఏదో టైపు కొట్టుకుంటుంది” అని అత్తగారు చుట్టాలకు చెబుతుంది. ఆ ఖాళీ ఎక్కడుందో చూపిస్తే వెళ్లి కాసేపు నడుం వాల్చుకుని వద్దామని ఆమెకూ ఉంది. ఈసారి పిల్లల సైన్సు పుస్తకం వచ్చింది, నిండా బొమ్మలు. ఒక్క బొమ్మ జరిపితే చాలు, మెషిను ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటుంది.

“ఈ వారంలో కాకపోతే చెప్పేయమ్మా, వేరేవాళ్లకిస్తాను. లేదా ఇక్కడికే వచ్చి చెయ్యి, ఒక సిస్టమ్ ఊరికే పడి ఉంది” అన్నాడు ప్రెస్సు మేనేజరు ఫోన్లో. ఇల్లు వదిలి ఎలా వస్తానండీ అని ఎప్పటిలాగే నవ్వేసింది.

నవ్వేసిందే గానీ, పని పోతుందన్న భయం పట్టుకుంది. కంప్యూటర్ డబ్బా పక్క మూత విప్పి మదర్‌బోర్డు మీది నంబరు చూసుకుంది. మెమరీ, డిస్కు నిరుడే మార్పించింది. మిగిలింది ప్రాసెసరే. నాలుగు షాపులకు ఫోన్లు చేసి, ఒకచోట సెకండ్‌హ్యాండ్‌ది పక్కన పెట్టించింది.

“మన బోర్డుకి కొత్తరకాలు పట్టవండీ. ఆ కాలం వాటిలోనే కాస్త పెద్దది చాలు. చవక కూడాను” అని మొగుడికి విడమరిచి చెప్పింది.

“సర్లే, బావని ఓ మాట అడుగుదాం.”

బావ అంటే ఆడపడుచు భర్త. వైరున్న వస్తువు ఏదైనా సరే ఆయన చెప్పందే ఆ ఇంటి గడప తొక్కదు. అల్లుడి మాట కాదంటే కూతురు ఎక్కడ మాట పడుతుందోనని అత్తగారి బెంగ. ఆయన ఇప్పించిన ఫ్రిజ్జు తలుపు వంటింటి గోడకు కొట్టుకుని సగమే తెరుచుకుంటుంది. ఆ సందులోంచి చెయ్యి దూర్చి గిన్నెలు లాగేది ఆమె. ఎంపిక బ్రహ్మాండమని మెచ్చుకునేది మిగతావాళ్లు.

ఆదివారం బావాబావమరుదులు తళతళలాడే పెట్టెతో దిగారు.

“సెకండ్‌హ్యాండ్ ఎందుకు చెల్లెమ్మా, చీప్‌గా? లేటెస్ట్ తెచ్చాం.”

“అన్నయ్యగారూ, ఇది మన బోర్డులో కూర్చోదు.”

“కూర్చోబెడితే అదే కూర్చుంటుంది. నువ్వెళ్లి కాస్త టీ పెట్టు.”

కోపం ముంచుకొచ్చింది. కానీ ముందు పుస్తకం ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది, ఆ తర్వాతే లేచింది. పాలు పొంగుతుండగా లోపల్నుంచి మొగుడి గొంతు వినిపించింది, “కొంచెం గట్టిగా నొక్కు బావా.” తర్వాత కిర్రుమన్న చప్పుడు. ఆమె వచ్చి చూసేసరికి బోర్డు మీద వెంట్రుకల్లాంటి పిన్నులు అణిగిపోయి ఉన్నాయి. పాత ప్రాసెసరు తిరిగి పెట్టినా తెర వెలగలేదు.

“పాత సరుకు కదా, తట్టుకోలేదు” అన్నాడు బావగారు, టీ అందుకుంటూ.

“పట్టదని ముందే గట్టిగా చెప్పొచ్చుగా నువ్వు?” అన్నాడు మొగుడు.

గట్టిగా! గట్టిగా మాట్లాడితే గయ్యాళి. మెల్లగా మాట్లాడితే చెప్పనట్టే లెక్క. ఇన్నేళ్ల కాపురంలో ఆ రెండింటికీ మధ్య ఎంత గొంతుతో మాట్లాడితే ఈ ఇంటికి వినిపిస్తుందో ఆమెకు అంతుపట్టలేదు. అసలు లోపం గొంతులో ఉందనుకోవడమే తన తెలివితక్కువతనమని, ఇప్పుడు ఖాళీ ట్రే పట్టుకుని నిలబడ్డప్పుడు తోచింది. వాళ్లకు వినపడింది. వినపడినందుకే ఇంకాస్త గట్టిగా నొక్కారు.

“బోర్డు కూడా మార్చేద్దాంలే చెల్లెమ్మా, నేను చూస్తాగా.”

“చూడండి” అంది.

ట్రే బల్ల మీద పెట్టి, అవతలి గదిలోకి వెళ్లి ప్రెస్సుకి ఫోన్ చేసింది.

మర్నాడు పొద్దున్నే భుజాన సంచీతో ఆమె చెప్పులేసుకుంటుంటే మొగుడు విప్పదీసిన డబ్బా ముందు కూర్చుని ఉన్నాడు.

“ఇప్పుడెక్కడికి? ఈ స్క్రూ ఎక్కడిదో చూడు ఒకసారి. మరి మధ్యాహ్నం అమ్మకీ నాకూ వంట?”

“బియ్యం డబ్బాలో ఉన్నాయి.”

“ఎప్పుడొస్తావమ్మా?” అంది అత్తగారు కంగారుగా.

“ఆఫీసయ్యాక” అని చెప్పి ఆమె మెట్లు దిగింది.