కూతురికి కూడా సెప్పకూడని పకోడీ

ఎచ్చెర్లలో యూనివర్సిటీకి ఎదర దుర్గ పెట్టిన కోడి పకోడీ షాపు నడుస్తన్న తీరు సూస్తే ఎవరికైనా కన్ను కుట్టాల్సిందే. సాయంత్రమైతే సాలు, కాలేజీ పిల్లలు ఎగబడిపోతారు. షాపు దుర్గదే గానీ పేరూ, రుచీ విశాఖపట్నం కంపెనీవి. ముక్కలు దేంట్లో నానబెట్టాలో ఆళ్లే వచ్చి నేర్పారు. అదేటో ఇక్కడ సెప్పకూడదు, మళ్లీ మన మీదకొస్తాది!

సిక్కంతా అగ్రిమెంటుతోనే. వంటగదిలో పనిసేసే ఇంటివాళ్లు కూడా, ఆ గుట్టు ఎవరికీ సెప్పబోమని విడిగా సంతకం పెట్టాలట. దుర్గ పెట్టింది. మొగుడు వినోద్ సదవకుండానే గీకీసి ఆటో తోలుకుంటూ పోయాడు. అత్త కూర్మమ్మ మాత్రం ససేమిరా అంది. పోనీ ఆవిణ్ని వంటగదిలోకి రానివ్వకపోతే సరి అనుకుందామంటే, ముక్కలు కడిగి నానబెట్టేదే ఆవిడాయె!

ఆ రోజు మద్దేన్నం కంపెనీ మనిషి భాస్కర్ దిగబడ్డాడు. ఇవాళ సంతకం పడకపోతే బోర్డు పీకేస్తామని నవ్వుతూనే సెప్పాడు. దుర్గ అత్త వైపు తిరిగింది.

"ఒక్క గీత గియ్యడానికి నీకేటి బాధ అత్తా?"

"బాధేటే! రోజూ ఈ ఏలకి యమున ఫోన్ సేస్తాది. ఏటి వండినావంటాది, ఎలాగ వండినావంటాది. పెళ్లై ముఖలింగంలో అత్తారింటికి ఎల్లిన్నాటి నుంచీ దానికి సెప్పకుండా నేను ఏటీ వండలేదు. సంతకం పెట్టీసి, మళ్లీ కూతురికి సెప్పీసే రకం కాదు నేను. అందుకే పెట్టను."

భాస్కర్ గొంతు సవరించుకున్నాడు. "కూతురికి అసలే చెప్పకూడదండీ. ఆవిడకి అక్కడ బజ్జీల బండి ఉందట కదా."

"దాని బండి నీకేటి అడ్డమొచ్చింది బాబూ?" అని కూర్మమ్మ కళ్లెర్రజేసింది.

దుర్గకి ఏడుపు తన్నుకొచ్చింది. ఈ షాపుకి ముందు పొద్దస్తమానం ఎవరి ఫ్యాక్టరీలోనో సీసాలకి మూతలు బిగించిన మనిషి ఆమె.

"అత్తా, బుద్ధెరిగాక నాది అని సెప్పుకోడానికి దొరికింది ఇదొక్కటే. నీ కాళ్లు పట్టుకుంటాను," అంటూ నిజంగానే వంగిపోయింది.

కూర్మమ్మ కోడల్ని రెక్క పట్టి లేపింది. పెన్ను లాక్కుని, పళ్లు బిగించి, పేరంతా పూర్తిగా రాసింది.

రాసి పెన్ను కింద పెట్టిందో లేదో, ఫోను మోగింది. యమునే. కూర్మమ్మ ఎప్పట్లాగే స్పీకరు నొక్కింది.

"అమా, బజ్జీలెవులూ తినడం లేదే. బండి కాడ ఈగలు తోలుకుంటన్నాను. నేనూ పకోడీ ఏద్దామనుకుంటన్నాను. ముక్కలు దేంట్లో నానబెడతన్నారే?"

కూర్మమ్మ దుర్గ వంక సూసింది.

"నాకు తెల్దు."

"నీకు తెలకపోడమేటి! నానబెట్టేది నువ్వే కదా?"

"తెల్దంటే తెల్దు. నూనె మరిగిపోతన్నాది, ఉంటాను."

పొయ్యి ఇంకా అంటించనే లేదు. భాస్కర్ కాగితం సంచిలో పెట్టుకుంటూ, "భలే చెప్పారండీ, ఇలాగే చెప్పాలి!" అని మెచ్చుకున్నాడు. దుర్గకి అతగాణ్ని అట్లకాడతో ఒక్కటివ్వాలనిపించింది. షాపు నిలబడింది, సంబరపడాలి కదా! అత్త మొహం సూస్తే సంబరమేదీ రాలేదు.

కూర్మమ్మ సేతులు కడుక్కుని ముక్కల బేసిను ముందు కూకుంది.

"ఒసే దుర్గా, రేపట్నుంచి అది ఫోన్ సేస్తే నువ్వే ఎత్తు. మీ అమ్మ బజారుకెళ్లిందని సెప్పు."

"రోజూనా అత్తా?"

"రోజూనే. దాంతో ఇంకోసారి అబద్దం ఆడ్డం నా వల్ల కాదు."