గడీ ముందు గుండు

నా పెనిమిటి ఉప్పలయ్యంత బలవంతుడు మా చుట్టుపక్కల ఊళ్లలో లేడు. ఈ మాట ఆయనే చెప్పేవాడు. అడిగినా చెప్పేవాడు, అడక్కపోయినా చెప్పేవాడు.

పెద్దవంగర పక్కన మా ఊళ్లో దొర గడీ ముందు ఒక నల్లటి రాతిగుండు ఉండేది. ఏటా ఉగాదికి దాన్ని భుజం మీదికి ఎత్తి గడీ చుట్టూ తిరిగొచ్చినవాడికి దొర ఎర్ర రుమాలు తలకు చుట్టేవాడు. ఆ ఏడంతా వాడికి వెట్టి మాఫీ. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఎత్తేది ఈయనే. రుమాలు చుట్టుకుని అరుగు మీద కూర్చుని మీసం దువ్వేవాడు. మాఫీ ఆయన ఒక్కడికే. నేను మాత్రం పొద్దు పొడవకముందే రోకలి పట్టుకుని గడీకి పోయి దొర వడ్లు దంచేదాన్ని. ఈ సంగతి ఆ మహావీరుడి కంటికి ఎన్నడూ ఆనలేదు. బండనెత్తేవాడి బుర్రలోనూ బండే ఉంటుందని మా అత్త ఊరికే అనలేదు.

సంఘం వాళ్లు కొడకండ్లలో సభ పెట్టి, వెట్టి చెయ్యొద్దని చెప్పిపోయిన ఏడు అది. దొర బిడ్డకు రేగొండ దిక్కు సంబంధం కుదిరింది. ఆమెతోపాటు అత్తారింటికి ఒక ఆడబాపను పంపాలి. అంటే పెళ్లీ పెటాకులూ లేకుండా, పుట్టిన ఊరి మొహం చూడకుండా, బతుకంతా ఆ ఇంట్లో చాకిరీ చేసే పిల్ల. దొర చూపు మా బిడ్డ రుక్కి మీద పడింది.

"పరేషాన్ గాకు సత్తమ్మా," అన్నాడు ఈయన. "గుండెత్తి అడుగుత. దొర నా మాట కాదనడు."

ఉగాది రోజు ఎత్తాడు. గడీ చుట్టూ తిరిగాడు. గుండు భుజం మీద ఉండగానే అడిగాడు.

"నీ బాంచెన్ దొరా, ఈ ఏడు నాకు మాఫీ వద్దు. నా బిడ్డనిడిసిపెట్టు."

దొర నవ్వాడు. "గుండెత్తినోనికే మాఫీ. నీ బిడ్డ ఎత్తిందారా?"

అరుగు మీది పెద్దమనుషులంతా పళ్లికిలించారు. వాళ్లకు చేతనైన పని అదొక్కటే. ఈయన ఆ గుండును దొర కాళ్ల ముందు విసిరికొడతాడేమోనని చూశాను. పసిపిల్లను పడుకోబెట్టినట్టు మెల్లగా దించి, రుమాలు చుట్టించుకోవడానికి తల వంచాడు. థూ! ఆ పూట ఆయనకు అన్నం పెట్టలేదు.

పెళ్లికూతుర్ని సాగనంపడానికి ముందురోజే దొర మనుషులు వచ్చి రుక్కిని గడీలోకి తీసుకుపోయారు. తెల్లారగానే దంచేవాళ్లం ఎప్పటిలాగే రోకళ్లతో బయల్దేరాం. ఎత్తడానికి మహావీరులు కావాలి గానీ, దొర్లించడానికి రోకళ్లు చాలు. సాలమ్మ, వజ్రమ్మ, నేను, ఇంకొందరం రోకళ్లు కిందికి దూర్చి తోస్తే, గుండు దొర్లిపోయి గడీ దర్వాజ నడుమన నీళ్లు పోయే మోరీలో కూరుకుపోయింది. సగం లోపల, సగం పైన. ఇక దొర్లదు, ఎత్తాల్సిందే. ఎత్తేవాడు ఊళ్లో ఒక్కడే. ఆ ఒక్కడి మీద నాకు నమ్మకం లేదు.

పెళ్లికూతురి బండి దర్వాజ లోపలే ఆగిపోయింది. వెనక మూట పట్టుకుని రుక్కి కూర్చుని ఉంది. జీతగాళ్లు వచ్చి గుండు మీద తలో చెయ్యీ వేసినట్టు చేశారు. వాళ్లకూ బిడ్డలున్నారు.

"ఉప్పలయ్యను పిలువుండ్రి!" అని దొర కేక పెట్టాడు.

వచ్చాడు, తలకు ఆ ఎర్ర రుమాలుతోనే.

"ఎత్తి అవుతల పడెయ్‌రా. ఈసారి పట్టు రుమాలు కడత."

అబద్ధమెందుకు, అప్పుడు కూడా ఆయన కళ్లు మెరిశాయి. ధోవతి ఎగ్గట్టి, చేతులకు దుమ్ము రాసుకుని గుండును పట్టుకున్నాడు. నేను రోకలి నేలకేసి కొట్టి అరిచాను.

"ఎత్తు, రుక్కి నాయినా! ఎత్తి నీ బిడ్డను నువ్వే సాగనంపు!"

ఆయన తలెత్తి బండి దిక్కు చూశాడు. రుక్కి ఆయన్ను చూడలేదు. ఎద్దుల కొమ్ములు చూస్తూ కూర్చుంది. నాయిన ఎత్తుతాడనే అనుకుంది పిల్ల. ఆయన గుండు మీంచి చేతులు తీశాడు. తరువాత నడుం ఎత్తి, రుమాలు విప్పి గుండు మీద పెట్టాడు.

"నాతోని కాదు దొరా. బరువున్నది."

ఆ మాట ఆయన నోట నేను ఎన్నడూ వినలేదు. పెద్దమనుషులు మళ్లీ పళ్లికిలించారు.

"చచ్చుపడ్డవారా?" అని దొర అరిచాడు.

"ఔ దొరా, చచ్చుపడ్డ," అని ఆ రుమాలు మీదే కూర్చున్నాడు.

ముహూర్తం దాటిపోతోందని దొరసాని లబలబలాడింది. చివరికి పెళ్లికూతురు బండి దిగి, గుండు పక్క సందులోంచి ఒదిగి బయటికొచ్చి, వేరే బండి ఎక్కాల్సి వచ్చింది. ఆమె వెనకే దిగిన రుక్కి ఆ బండి దాకా పోలేదు. రోకళ్లు పట్టుకున్న మా నడుమకు వచ్చి నిలబడింది. మమ్మల్ని తోసి పిల్లను లాక్కుపోవడానికి దొర మనుషుల్లో ఒక్కడికీ చెయ్యి రాలేదు.

ఇంటికి పోతుంటే అడిగాను. "నిజంగనే బరువుండెనా?"

"గుండు ఎప్పటి లెక్కనే ఉన్నది," అన్నాడు. "నాతోని కాదనుడే బరువైంది."

ఆ మాట అనడానికి ఇన్నేళ్లు పట్టిందా మొద్దు మనిషికి! తిట్టుకుంటూనే ఆ పూట కడుపు నిండా అన్నం పెట్టాను.