తీసేసిన పేజీ

"ఆఖరి పేజీ తీసేశాను. చర్చిలో పంచే కాగితం మీద అవన్నీ బాగోవు," అన్నాడు ప్రేమ్ సాగర్, లంచ్ డబ్బా మూత తను పెట్టుకోకుండా భార్య వైపు జరుపుతూ.

ఎవాంజలిన్ ఈ గల్ఫ్ దేశంలో, ఘుబ్రాలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాన్పుల వార్డు నర్సు. పద్దెనిమిదేళ్ళుగా అదే డ్యూటీ. స్త్రీల కూడికలో చదివి పంచడానికి, ఆడవాళ్ళ ఆరోగ్యం మీద మంచి పుస్తకాల జాబితా రాయమని పాస్టరమ్మగారు ఆమెనే అడిగారు. వారం రోజులు వంటయ్యాక కూర్చుని రాసింది. పెద్దమనిషయ్యే పిల్లకు ఏది చదివి వినిపించాలి, కడుపుతో ఉన్నప్పుడు ఏది, కాన్పయ్యాక ఊరికే ఏడుపొస్తుంటే ఏది, ముట్లుడిగాక ఏది అని, ఒక్కో పుస్తకం కింద రెండు ముక్కలు. సంఘ పెద్దల్లో ఒకడైన మొగుడు టైపు చేయిస్తానని తీసుకెళ్ళి కాన్పు దగ్గర ఆపేశాడు. పిల్లల్ని కనేశాక ఆడదానికి ఒళ్ళు ఉండదని కాబోలు ఆయనగారి నమ్మకం.

ఆమె మూత పెట్టింది. ఆ తీసేసిన పేజీలో ఉన్నది తనే మరి. ఏడాదిన్నర కిందట ఆగిపోయిన నెలసరి నాలుగు నెలలుగా మళ్ళీ కనబడుతోంది. గర్భసంచి పొర మందంగా ఉంది, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి అంది డాక్టర్ షైస్తా. ఆ పరీక్షకు ఇచ్చిన మొదటి తేదీకి అత్తగారు ఊరి నుంచి దిగారు. "నర్సువి, నువ్వే భయపడితే ఎలా? మా అమ్మకీ ఈ వయసులో ఇలాగే అయింది, ఏ డాక్టరు దగ్గరికి పోయింది?" అన్నాడాయన. రెండో తేదీకి చర్చిలో ఉజ్జీవ సభలొచ్చాయి. అప్పుడు "ఎవరితోనూ అనకు, పరువు పోతుంది" అని కూడా కలిపాడు. మూడో తేదీ ఈ శనివారం. అదే రోజు ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడికీ, మరో ముప్ఫై మందికీ తమ ఇంట్లో భోజనాలని ఆమెతో మాటైనా అనకుండా చెప్పేశాడు. వార్డులో ప్రతి ఆడదాన్నీ ఆలస్యం చేశావేమమ్మా అని కోప్పడే మనిషి తను. ఊరికంతా శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది తన బతుకు. ఆ పొరలో ఏముందో ఆమెకు తెలియదు, ఏం ఉండొచ్చో మాత్రం బాగా తెలుసు. అదే ఆమె భయం.

మర్నాడు శుక్రవారం. సెలవు ఆ రోజే కాబట్టి ఇక్కడ ఆదివారపు ఆరాధనా ఆ రోజే. చర్చి ఉన్న రూవిలో హాలు ఒకటే, సంఘాలు నాలుగు. తెలుగువాళ్ళ తరవాత మలయాళం వాళ్ళ వంతు, వాళ్ళప్పుడే బయట చెప్పులు విడుస్తున్నారు. స్త్రీల కూడికకు మిగిలింది పావుగంట. ఎవాంజలిన్ గబగబా జాబితా చదివింది. కాన్పు దగ్గర కాగితం అయిపోయింది.

వెనక వరసలో సారా లేచింది. ఒక స్కూల్లో క్లీనింగ్ పని చేస్తుంది, యాభై దాటాయి. "అమ్మా, ఆగిపోయింది మళ్ళీ కనబడితే ఏ పుస్తకం చదవాలండీ?"

కొందరు తల దించుకున్నారు. ఒకరిద్దరు నవ్వారు.

"ఏ పుస్తకమూ వద్దు సారమ్మా. మర్నాడే డాక్టరు దగ్గరికి పోవాలి."

"నాకు మూడు వారాలయిందండీ. సిగ్గులేదా, ఎవరికైనా చెప్తావా అన్నాడు మా ఆయన. మీరైతే మర్నాడే పోతారాండీ?"

సారా ఎత్తిపొడుపుగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అందుకే ఎవాంజలిన్‌కు అబద్ధం నోట రాలేదు.

"పోలేదు. నాకు నాలుగు నెలలయింది."

టైమయిందని చెప్పడానికి వచ్చిన ప్రేమ్ సాగర్ తలుపు దగ్గర నిలబడిపోయాడు. ఆమె అతన్ని చూసింది. చూసి కూడా ఆపలేదు.

"రేపు పొద్దున ఎనిమిదింటికి నాకు పరీక్ష. నువ్వూ నాతో రా సారమ్మా, డాక్టరుకు నిన్నూ చూపిస్తాను. రేపు మా ఇంట్లో భోజనాలు లేవు, అందరూ ఏమీ అనుకోకండి."

ప్రేమ్ సాగర్ చరచరా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నలుగురిలో చెప్పే మాటలా ఇవి? ఇంట్లో చెప్పొచ్చు కదా!"

ఆమె మాత్రం గొంతు తగ్గించలేదు.

"ఇంట్లో నాలుగు నెలలు చెప్పానండీ."