టార్పాలిన్ కింద క్షిపణి బండి

మామగారితో వేగడం ఆ కోడలి వల్ల కావడం లేదు. ఏ వస్తువూ తడవకూడదంటారాయన. సైకిలుకు ఒక కప్పు, నీళ్ల మోటారుకు ఒక కప్పు. మొన్న మబ్బు పట్టిందని ఆరేసిన బట్టల మీద కూడా టార్పాలిన్ కప్పారు. అవి సాయంత్రానికి ఉతికినప్పటికన్నా తడిగా తేలాయి.

ఇంట్లోనే అయితే సర్దుకుపోయేది. పనిచోటా ఆయనే. పక్కపక్క దేశాలు రెండూ ఒప్పందం కుదుర్చుకుని, అణుబాంబులు మోసే క్షిపణి బండ్లను కోసి పారేస్తున్నాయి. ఆ కోత యార్డుకు కోడలు అధికారిణి. ఆ బండ్లను ఉద్యోగమంతా బాగుచేసిన మెకానిక్ మామగారు. ఏ బోల్టు ఎక్కడుందో తెలుసని రిటైరయ్యాక కూడా పిలిపించారు.

కోసిన ముక్కలను ఆరుబయటే ఉంచాలి. అవతలివాళ్లు ఉపగ్రహంతో చూసి సరిచూసుకుంటారు. వాళ్ల ముక్కలను ఇటువాళ్లు చూసుకుంటారు.

"అంత ఎత్తునుంచి ఏం కనబడుతుందమ్మాయ్! మనం కోసేది ఇనుము, వాళ్లు కోసేది కోతలు," అనేవారు మామగారు.

కోడలికి ఆ ఒప్పందంతో సొంత పనీ ఉంది. గొడవలు సద్దుమణగడంతో సరిహద్దు గేటు తెరిచి బస్సు వేశారు. అవతలి ఊళ్లో ఉన్న వాళ్లమ్మ, మనవరాలిని ఇంతవరకు ఎత్తుకోని మనిషి, ఆ సాయంత్రం బస్సులో రావాలి.

పొద్దున్నే ఫోన్ మోగింది. అవతలి తనిఖీ అధికారిణి.

"ఏంటండీ, ఏం దాస్తున్నారు? నిన్న కనిపించిన బండి ఇవాళ మాయం! కారణం తెలిసేదాకా మావాళ్లు కోత ఆపేశారు. గేటూ మూసేశారు."

కోడలు ఫోన్ పెట్టేసింది. యార్డుకు పరుగెత్తింది. నిన్న కోసిన ముక్కల మీద, నాలుగు మూలలా తాడు బిగించి, చక్కగా టార్పాలిన్. పక్కనే మామగారు తీరిగ్గా టీ తాగుతున్నారు.

"మావయ్యా! ఏంటిది?"

"రాత్రి వానన్నారుగా. తుప్పు పట్టదూ?"

"తుక్కుకు తుప్పు పడితే ఏంటి మావయ్యా!"

"అలా అంటావేంటి? నా చేత్తో గ్రీజు పెట్టిన బండి."

ఆ మాటకు ఆమె కోపం సగం చచ్చింది. మిగతా సగంతో టార్పాలిన్ లాగేసింది. అవతలి ఆమెకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి ఆయన ముందుంచింది.

"మీరే చెప్పండి. నేను చెబితే సాకనుకుంటారు. అక్కడ అమ్మ సంచీలు సర్దుకుని కూర్చుంది."

మామగారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, మా వాతావరణం వాళ్లు వానన్నారు..."

"వాన పడలేదండీ. మాకు కనబడింది."

"టార్పాలిన్ కూడా మరీ పెద్దది ఇచ్చారు..."

"మావయ్యా!"

అవతల నవ్వు ఆపుకుంటున్న చప్పుడు. "భలే బిగించారు లెండి. అంత జాగ్రత్తగా ఏం దాచారోనని హడలిపోయాం. అసలు సంగతి మీ నోటితో చెప్పండి, రాసుకుంటాను. ముక్కలు మళ్లీ కనబడుతున్నాయి కాబట్టి సాయంత్రానికి గేటు తీయిస్తాను."

మామగారు ఆకాశంలోకి చూశారు. అక్కడ ఏమీ కనబడలేదు. అయినా చొక్కా పైగుండీ పెట్టుకున్నారు.

"రాసుకోమ్మా. దాయడానికి కాదు, తడుస్తుందని కప్పాను. మీకు కనబడదనుకున్నాను. తప్పు నాదే."